పరీక్ష తప్పిన శాస్త్రజ్ఞుడు – డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్షా ఫలితములు వెలువడిన దినమున పల్లెలలో ఒక యింట పండుగయు, ప్రక్కయింట మౌనమును కనబడును. హాలహర్వి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఈ మౌనమును ఎరుగని వీధి లేదు. తప్పిన బిడ్డకు ఇక చదువు అబ్బదని పెద్దలు తీర్మానింతురు. వానిని మగ్గమునకో, ప్రత్తిచేనికో, పట్టణములోని అంగడికో పంపుదురు. ఆ పనులలో ఏదియు తక్కువది కాదు. కాని ఒక్క పరీక్షను చూచి ఒక మనిషి శక్తిని తేల్చివేయుట న్యాయమా యను ప్రశ్న మిగిలియే యుండును. ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా చూపిన తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ పరీక్ష తప్పి, మూడవ ప్రయత్నమున గట్టెక్కిన ఆ బాలుడే తరువాత మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, వైద్య కళాశాలలోను, చివరకు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములోను స్థానము సంపాదించెను. ఆయన పరిశోధనల ఫలము నేడు ప్రతి పల్లెకును ఏదో ఒక రూపమున చేరుచున్నది.

బాల్యము – చదువు

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి మండలమునందలి భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో పని చేసి, అనారోగ్యము వలన ముందుగానే ఉద్యోగము విడువవలసివచ్చెను. ఇంటిలో సంతానము ఎక్కువ, రాబడి తక్కువ. ఆ సంసార భారమునంతయు వెంకమ్మయే మోసెను.

బాలునికి మొదట చదువుపై మనసు నిలువలేదు. పదమూడవ యేట ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము సంపాదింపవలెనని ఆ వయసున ఆయన కోరిక. దారిలోనే పట్టుబడి తల్లివద్దకు తిరిగి చేర్పబడెను. వెంకమ్మ ఆ సంఘటనను చూచి కుమారునిపై ఆశ వదలుకొనలేదు. వానికి చదువే దారియని మరింత గట్టిగా నిశ్చయించుకొనెను.

తరువాత రాజమహేంద్రవరమున చదువు సాగెను. ఆ సంవత్సరములు ఆ కుటుంబమునకు కష్టకాలము. వ్యాధులు దగ్గరి బంధువులను ఒకరి వెనుక ఒకరిగా తీసికొనిపోయెను. ఇంటిలో మరణము, చేతిలో పేదరికము ఉన్న విద్యార్థి పుస్తకము ముందు కూర్చున్నను అక్షరములు మనసున కెక్కవు. మెట్రిక్యులేషన్ పరీక్షలో సుబ్బారావు తప్పెను. మరల వ్రాసి మరల తప్పెను. నాటి కాలమున మెట్రిక్యులేషన్ లేనివానికి కళాశాల తలుపు తెరువబడదు. గుమాస్తా ఉద్యోగము దొరకుటయు కష్టమే. రెండుమార్లు తప్పిన కుమారుని మూడవమారు చదివింప బూనుట ఆ స్థితిలోనున్న కుటుంబమునకు చిన్న సాహసము కాదు. వెంకమ్మ తన నగలు అమ్మి ఆ ధనము సమకూర్చెనని చెప్పుదురు.

సుబ్బారావు మదరాసు చేరి తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో ప్రవేశించెను. మూడవ ప్రయత్నమున పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. ఈ గెలుపును కొంచెము నిలిచి పరిశీలింపవలెను. తప్పిన బాలుడును గెలిచిన బాలుడును ఒక్కడే. వాని మేధ నడుమ మారలేదు. మారినవి మూడు సంగతులు. దుఃఖము నిండిన ఇంటి వాతావరణమునుండి దూరము కలిగెను. మంచి పాఠశాల దొరకెను. తల్లి తనపై పెట్టిన పణము ఎంతటిదో బాలునికి తెలిసివచ్చెను. మొదటి రెండు ఫలితములు ఆ రెండు సంవత్సరముల కష్టమును చూపినవే కాని, ఆ బాలుని శక్తిని చూపినవి కావు.

ప్రెసిడెన్సీ కళాశాల – వైద్య కళాశాల

1840లో స్థాపింపబడిన ప్రెసిడెన్సీ కళాశాల దక్షిణాపథమున మేలైన విద్యార్థులను ఏరి చేర్చుకొను విద్యాలయముగా పేరుగాంచినది. రెండుమార్లు పరీక్ష తప్పినవాడు అచ్చట ఇంటర్మీడియట్ తరగతిలో కూర్చుండి చదివి ఉత్తీర్ణుడయ్యెను. అచ్చట ఆయనకు పాత చరిత్ర అడ్డు రాలేదు. పాఠములు శ్రద్ధతో చదువుటయే కాక, రామకృష్ణ మఠమువారి సాంగత్యమున సేవాభావమును అలవరచుకొనెను. సన్యాసము స్వీకరింపవలెనని తలంచెను గాని, తల్లి అంగీకారము లేనిదే మఠమువారు చేర్చుకొనలేదు. వెంకమ్మ అంగీకరింపలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవ చేయుటయు సన్యాసమువంటిదే యను మార్గము ఆయనకు తోచెను. ఆ విధముగా 1835లో స్థాపింపబడిన మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను.

వైద్యవిద్యకు కావలసిన ధనము మిత్రుల వలనను, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి వలనను లభించెను. సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు 1919లో వివాహమాడెను.

చదువు బాగుగ సాగుచుండగా మరియొక అడ్డంకి ఎదురయ్యెను. అది స్వదేశీ ఉద్యమ కాలము. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు వస్త్రము ధరించి వెళ్లెను. శస్త్రచికిత్సా ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డునకు ఇది రుచింపలేదు. వ్రాత పరీక్షలలో సుబ్బారావు బాగుగ నెగ్గినను, ఆయనకు పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రము చేతికి వచ్చెను. మెట్రిక్యులేషన్ తప్పినపుడు లోపము చదువులో నున్నదని చెప్పవచ్చును. ఈమారు ఆ మాట చెప్పుటకు వీలు లేదు. అయినను కాగితముపై నిలిచినది తక్కువ పట్టమే. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించెను గాని లభింపలేదు.

ఈ నడుమనే ఆ కుటుంబముపై పిడుగు పడెను. స్ప్రూ అను, సంగ్రహణిని పోలిన జీర్ణవ్యాధి ఆయన సోదరులు పురుషోత్తమును, కృష్ణమూర్తిని కొలది దినముల వ్యవధిలో బలిగొనెను. సుబ్బారావునకును ఆ వ్యాధి సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన బ్రతికి బయటపడెను. లక్ష్మీపతిగారు ఉప్పు సత్యాగ్రహమున జైలు కేగిన రుక్మిణీ లక్ష్మీపతిగారి భర్త. ఆయుర్వేదమును ఆధునిక శాస్త్రపద్ధతిలో బోధింపవలెనని పాటుపడినవారు. ఉద్యోగము లేని సుబ్బారావునకు తమ ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర అధ్యాపక పదవిని ఇచ్చిరి. అచ్చట పని చేయుచు, ఏ మందులో ఏ పదార్థము రోగమును కుదుర్చునో తెలిసికొనవలెనను కోరికను సుబ్బారావు పెంచుకొనెను. తన సోదరులను చంపిన వ్యాధికి కారణమేమి? దానికి మందెక్కడ? ఈ ప్రశ్నలు ఆయనను జీవితాంతము వెంటాడెను.

అమెరికా ప్రయాణము

మదరాసునకు వచ్చిన ఒక అమెరికా వైద్యునితో కలిగిన పరిచయము ఆయన చూపును హార్వర్డువైపు మరల్చెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధివారు సహాయము చేయుదుమని మాట ఇచ్చిరి. మామగారు మరికొంత సమకూర్చిరి. 1920ల మొదటి సంవత్సరములలో ఒక అక్టోబరు మాసమున సుబ్బారావు బోస్టను నగరము చేరెను. చేతిలో నున్నది స్వల్పమైన ధనము, పూర్తికాని పట్టము.

హార్వర్డులోని ఉష్ణదేశ వ్యాధుల పాఠశాల ఆయనను చేర్చుకొనెను. చదువుకొనుటకు అవకాశము దొరకెను గాని భుక్తికి దారి లేదు. భారతదేశమున వైద్యుడైన ఆయన బోస్టను ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రము చేసి పొట్ట పోసికొనెను. ఆ పనిని ఆయన అవమానముగా భావింపలేదు. రాత్రి పని, పగలు చదువు. ఉష్ణదేశ వైద్యమున పట్టము పొందిన పిదప హార్వర్డు వైద్య పాఠశాలలోని జీవరసాయన శాఖలో చేరెను. ఆ శాఖకు ఓట్టో ఫోలిన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు పెద్ద. సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి సుబ్బారావు పరిశోధన ఆరంభించెను.

పాత మార్కులను పట్టించుకొనక, ప్రయోగశాలలో మనిషి చేయు పనిని చూచి విలువ కట్టిన చోటు ఇది. ఇచ్చట ఆయన శక్తి త్వరలోనే వెల్లడియయ్యెను.

హార్వర్డు పరిశోధనలు

1925లో ఫిస్క్, సుబ్బారావులు రక్తము, మూత్రము మున్నగువానిలో భాస్వరము ఎంత యున్నదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. రక్తము, మూత్రము మున్నగువానికి కొన్ని రసాయనములు కలిపినచో నీలిరంగు పుట్టును. ఆ నీలిరంగు చిక్కదనమును బట్టి భాస్వరము పాలు తెలియును. అద్దకమువాడు రంగు చిక్కదనమును చూచి మందు పాలు తెలిసికొనుటవంటిదే యిది. ఈ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతియను పేర ప్రపంచమంతట ప్రయోగశాలలలో ప్రవేశించెను. విద్యార్థులు నేటికిని ఆ పేరుతోనే దానిని చదువుచున్నారు.

ఈ కొలమానము చేత బట్టుకొని వారు కండరమును పరీక్షించిరి. కాడి లాగు ఎద్దు కండరమునకు శక్తి ఎచ్చటినుండి వచ్చును? అప్పటివరకు శాస్త్రజ్ఞులు లాక్టికామ్లమను పదార్థము మూలముగా కండరము పని చేయునని నమ్మియుండిరి. కండరముల విషయమున పరిశోధించినందుకు హిల్, మేయర్‌హాఫ్ అను ఇరువురికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. 1927లో ఫిస్క్, సుబ్బారావులు కండరమున ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో ఏ.టి.పి. అను మరియొక పదార్థమును వెల్లడించిరి. అదే కాలమున ఇంగ్లండులోను, జర్మనీలోను ఇతర శాస్త్రజ్ఞులును ఈ పదార్థములను వేరుగా కనుగొనిరి. ప్రాణిశరీరమున జరుగు పనులన్నిటికిని ఏ.టి.పి. ఖర్చుపెట్టు నాణెమువంటిదని తరువాతి పరిశోధనలు స్థిరపరచెను. నేడు ఇంటర్మీడియట్ జీవశాస్త్ర పుస్తకము తెరిచిన ప్రతి విద్యార్థియు ఆ మూడక్షరములు చదువును. వానిని వెలికితీసినవారిలో ఒకడు మెట్రిక్యులేషన్ తప్పిన తెలుగువాడని చాలమందికి తెలియదు.

1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. పట్టమునిచ్చెను. అయినను స్థిరమైన ఆచార్య పదవి ఆయనకు అచ్చట లభింపలేదు. పరిశోధనల కీర్తిలో ఆయనకు రావలసిన పాలు పూర్తిగా రాలేదు. ఆయన స్వభావమున ఆడంబరము లేదు. పేరు కొరకు పోరాడు అలవాటును లేదు. పది సంవత్సరములు అట్లే పని చేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, కొలది కాలములోనే పరిశోధనలకు అధిపతియయ్యెను.

మందుల కాలము

లెడర్లీలో సుబ్బారావు గడిపినది ఎనిమిది సంవత్సరములు మాత్రమే. ఆ కొద్దికాలమున ఆయన నాయకత్వమున వెలువడిన మందులు లెక్కకు ఎక్కువ.

మొదటిది ఫోలికామ్లము. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారము వలన అది కుదురుచున్నదని వెల్లడించెను. ఆ సారములోని గుణకారి ఏదో అప్పటికి తెలియలేదు. ఆ అన్వేషణ పలుచోట్ల సాగెను. సుబ్బారావు బృందము కాలేయమునుండియు, సూక్ష్మజీవులనుండియు ఆ పదార్థమును వేరుపరచి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసెను. గర్భవతుల రక్తహీనతకే కాక స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను. తన సోదరుల ప్రాణములు తీసిన వ్యాధికి మందు తన ప్రయోగశాలనుండియే వెలువడినది. అన్నదమ్ములను తిరిగి తెచ్చు మందు లేదు. వారివంటి ఇతరులను నిలుపు మందు మాత్రము దొరకెను. నేడు గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలు గర్భవతులకు ఇచ్చు ఇనుప మాత్రలలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలికామ్లమే.

ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డుకొను పదార్థములను కూడ ఆ బృందమే తయారుచేసెను. బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు వానిలో అమైనోప్టెరిన్ అనుదానిని రక్తపు క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి చూచెను. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా వ్యాధి తగ్గినదని 1948లో ప్రకటించెను. అంతకుముందు ఆ వ్యాధి వచ్చిన పిల్లలకు ఏ మందును లేదు. అదే కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడబడుచున్నది.

బోదకాలు వ్యాధికి 1947లో హెట్రజాన్ అను మందు వెలువడెను. గోదావరి మండలములలో పుట్టిన ఆయనకు ఆ వ్యాధి ఎంత హీనముగా మనిషిని కుంగదీయునో తెలియును. ఆ మందు డి.ఇ.సి. అను పేర నేటికిని బోదకాలు నిర్మూలన పథకములలో పంచిపెట్టబడుచున్నది. ఆయన పరిశోధనాధిపత్యముననే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. 1948లో ప్రపంచమునకు తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. డెబ్బది యేండ్లు దాటి విశ్వవిద్యాలయ ఉద్యోగము విరమించిన పండితుని పనికిరాడని త్రోసివేయక ప్రయోగశాలలో చోటిచ్చినచో ఏమి సాధింపవచ్చునో ఈ సంగతి తెలుపును. ఒకప్పుడు పనికిరాడనిపించుకొన్న మనిషి మరియొకరి విషయమున ఆ తప్పు చేయలేదు.

చివరి దినములు

ఈ విజయములకు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. వెళ్లిన తరువాత ఆయన మరల స్వదేశమునకు రాలేదు. కుమారుడు పసితనమునందే మరణించెను. శేషగిరి భర్తను మరల చూచుటకు నోచుకొనలేదు. ఆమె ఓర్పును తలపక ఈ కథను చెప్పుట అన్యాయమగును. పెద్ద విద్య కొరకు దూరదేశమేగు ప్రతి విద్యార్థి వెనుక అట్టివారు ఒకరు ఎదురుచూచుచుందురు. సుబ్బారావు అమెరికా పౌరసత్వము స్వీకరింపక భారతీయుడుగానే యుండి, 1948వ సంవత్సరము ఆగస్టులో గుండెపోటు వలన హఠాత్తుగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్లను విడుదల చేసెను. ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టబడినది.

విద్యార్థులు గ్రహింపదగినది

పరీక్ష తప్పుట గొప్ప సంగతి కాదు. తప్పినవారందరును సుబ్బారావులు కారు. ఆయన జీవితము చెప్పునది వేరు. తప్పిన పిదప ఏమి జరిగినదనునదియే ముఖ్యము. తల్లి మరియొకమారు అవకాశమిచ్చెను. బాలుడు చోటు మార్చి మరల కూర్చుండి చదివెను. కళాశాల తలుపు తెరచినపుడు దానికి తగిన శ్రమ చేసెను. తరువాత అన్యాయముగా తక్కువ పట్టము వచ్చినపుడు వాదమాడుచు కూర్చుండక మరియొక తలుపు తట్టెను. బోస్టనులో పాత్రలు కడిగిన చేతులతోనే నీలిరంగు కొలిచెను. ప్రతి మెట్టు వద్దను ఎవరో ఒకరు చేయూతనిచ్చిరి: తల్లి, మిత్రులు, మామగారు, లక్ష్మీపతిగారు, కాకినాడ ధర్మనిధివారు. ఒక్కని పట్టుదలతోనే ఇది నెరవేరలేదు.

నేడు తప్పిన విద్యార్థికి నాటికంటె ఎక్కువ దారులున్నవి. అదే సంవత్సరము సప్లిమెంటరీ పరీక్ష వ్రాయవచ్చును. బడి మానినవారికి సార్వత్రిక పాఠశాల ఉన్నది. 1982లో స్థాపింపబడి నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున ఆ విధమైన వానిలో మొదటిది. లేనిదల్లా తప్పిన మరుసటి దినమున ఇంటిలో వినవలసిన ఒక్క మంచి మాట. వెంకమ్మవలె ఇంకొక సంవత్సరము ఆగగల తలిదండ్రులు ఆ మాట చెప్పవలెను.

పల్లె గ్రంథాలయమునకును ఇందులో పాలున్నది. దాని తలుపు వద్ద మార్కుల పట్టిక అడుగువారు లేరు. తరగతిలో మొదటివాడును, పరీక్ష తప్పినవాడును ఒకే బల్లపై కూర్చుండి ఒకే పుస్తకము చదువవచ్చును. ఇరువదియైదు సంవత్సరములుగా తెరచియున్న ఆ తలుపును ఈ సంవత్సరము పరీక్ష తప్పిన బిడ్డ కూడ త్రోసికొని లోపలికి రావలెను. వచ్చినవారికి కూర్చుండ చోటు చూపవలెను.